ఏడు గంటల పడవ

ట్రాయ్, మిషిగన్
6 మే 1984, ఆదివారం

ప్రభువునందు ప్రియమైన జ్యోతికి అమ్మ దీవెనలు.

అల్లుడుగారు, బుజ్జి ఉదయ్ క్షేమమని తలుస్తాను. నువ్వు పంపిన విమానం టిక్కెట్టు శుక్రవారం అందింది. అన్నయ్య దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. మంచినీళ్ళ సీసా తీసినప్పుడల్లా జూన్ ఏడో తారీఖు కళ్ళబడుతోంది. ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఊరుకున్నాను. ఫోన్‌లో చెబితే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నాకు మాట రాదు. అందుకని కాగితం పట్టుకున్నాను. తల్లీ, నేను జూన్‌లో సన్నీవేల్ రాలేను. నాకు ఉద్యోగం వచ్చింది.

నవ్వకు. మొన్న ఈస్టరుకి ఇక్కడి చర్చిలో నూటయాభై మందికి పలావు, కోడికూర చేశాను. మార్గరెట్ అని ఒకావిడ రెండుసార్లు వడ్డించుకుని, వంటగదిలోకి వచ్చి, ఇంతమందికి వండటం ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. నర్సాపురంలో ఆడపిల్లల హాస్టల్‌కి ఇరవై రెండేళ్ళు మేట్రన్‌నని, రెండువందల ముప్పై మంది పిల్లలకి మూడు పూటలా పెట్టానని చెప్పాను. వెంటనే తన పడవలోకి రమ్మంది.

డెట్రాయిట్ నది మీద మూడంతస్తుల పడవ ఉంది. పేరు లేడీ ఎలెనోర్. సాయంత్రం ఏడింటికి జనాన్ని ఎక్కించుకుని నది మీద తిప్పుతూ భోజనం పెట్టి పదింటికి దింపేస్తుంది. వంటగది మార్గరెట్ చేతిలో ఉంది. నాది సలాడ్లు, స్వీట్ల బల్ల. గురు, శుక్ర, శనివారాలు. ఆదివారం రానని ముందే చెప్పేశాను. అన్నయ్య "రెండు వారాలు సరదాగా వెళ్ళి మానేస్తావులే అమ్మా" అన్నాడు. వాడికి నా సంగతి ఇంకా తెలియదు.

పసివాణ్ణి చూసుకోవడానికి నేను వస్తానని నువ్వు నమ్ముకుని ఉన్నావు. నాకు తెలుసు. కానీ ఈ పని అక్టోబర్ చివరిదాకా ఉంటుంది, నేను మాట ఇచ్చేశాను.

మీ అమ్మ,
దేవకుమారి


సన్నీవేల్, కాలిఫోర్నియా
13 మే 1984

అమ్మా,

ఈ రోజు ఇక్కడ మదర్స్ డే. నీకు కార్డు కొన్నాను. పోస్ట్ చెయ్యలేదు.

జూన్ పదకొండున నేను జాబ్‌కి రిపోర్ట్ చెయ్యాలి. ఇంక లీవ్ ఎక్స్‌టెండ్ చెయ్యనని మా సూపర్‌వైజర్ క్లియర్‌గా చెప్పాడు. వెళ్ళకపోతే నా ప్లేస్‌లో ఇంకొకళ్ళని పెట్టుకుంటారు. ఆ లైన్‌లో టెస్ట్ ఇంజినీర్లలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ సీటు కోసం ఎంత కష్టపడ్డానో నీకు తెలుసు. నీ గదికి కర్టెన్లు కూడా కుట్టాను. పసుపు రంగువి. ఇప్పుడు నువ్వు "మాట ఇచ్చేశాను" అని రాస్తున్నావు. నాకివ్వలేదా మాట?

సరే, ఇది నీ ఐడియా కాదని నాకు తెలుసు. వదిన ప్లాన్ ఇది. నువ్వు ఇక్కడికి వచ్చేస్తే వాళ్ళ పిల్లలు స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంట్లో మనిషి ఉండదు. పగలంతా ఇంట్లో ఉండి సాయంత్రం వెళ్ళే పని చూసిపెట్టింది. అంతేనా?

అయినా అలాంటి బోట్ల సంగతి మాకు తెలియదా? శాన్‌ఫ్రాన్సిస్కోలో చూశాం. బార్ ఉంటుంది, బ్యాండ్ ఉంటుంది, తాగి డాన్సులు చేస్తారు. వాళ్ళ ప్లేట్లు కడుగుతావా నువ్వు? హాస్టల్లో మేట్రనమ్మగారు వస్తున్నారంటే పిల్లలు లేచి నిలబడేవాళ్ళు.

ఇంకొకటి. సఖినేటిపల్లి వెళ్ళడానికి గోదావరి మీద పంటు ఎక్కినప్పుడల్లా ఒడ్డు చేరేదాకా కళ్ళు మూసుకుని కీర్తనలు పాడుకునేదానివి. ఈత రాదు. ఏం ధైర్యంతో ఎక్కుతున్నావు?

టిక్కెట్ డేట్ మార్చలేదు. ఆలోచించుకో.

జ్యోతి


ట్రాయ్
20 మే 1984

జ్యోతికి అమ్మ దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వరసపెట్టి జవాబు చెబుతాను.

ప్లేట్లు కడగడానికి మిషను ఉంది, దాని దగ్గర ఇద్దరు మనుషులు ఉన్నారు. నేను ఆకులు, టమాటాలు కోసి గిన్నెల్లో సర్దుతాను, చీజ్‌కేకు ముక్కలు చేస్తాను. కడగవలసి వచ్చినా కడుగుతాను. హాస్టల్లో వంటమనిషి రాని రోజున గుండిగలు తోమింది ఎవరు?

బార్ పై అంతస్తులో ఉంది. నేను కింద ఉంటాను. వాళ్ళు తాగితే వాళ్ళకి మెట్లు దిగడం కష్టం, నాకేం?

ధైర్యం సంగతి అడిగావు. మొదటి రోజు ఎక్కేటప్పుడు నిజంగానే కీర్తన ఎత్తుకున్నాను. రెండో చరణం దాకా వచ్చేసరికి మార్గరెట్ ఉల్లిపాయల బుట్ట నా ముందు పెట్టింది. పాతిక కాయలు కోసి తలెత్తితే కిటికీలో నదికి అవతలి ఒడ్డునున్న కెనడా కనిపించింది. పడవ ఎప్పుడు కదిలిందో నాకు తెలియనే లేదు.

ఇది విని కూర్చుని నవ్వుకో. నేను ప్యాంటు వేసుకుంటున్నాను. మెట్లు నిటారుగా ఉంటాయి, చీర కాళ్ళకి అడ్డం పడుతుందన్నారు. యాభై ఏడేళ్ళకి నల్ల ప్యాంటు, తెల్ల కోటు, జుట్టుకి వల. మీ వదిన నళినే నన్ను దుకాణానికి తీసుకెళ్ళి, జారకుండా రబ్బరు అడుగున్న బూట్లు కొనిచ్చింది. తన నర్సింగ్ డ్యూటీకి అలాంటివే వేసుకుంటుందట. కాబట్టి వదిన మీద లేనిపోని నింద వెయ్యకు. దానికి నా ఉద్యోగం సంగతి అన్నయ్యకంటే ఆలస్యంగా తెలిసింది.

నీ ఉద్యోగం పోకూడదు. ఆ మాట నేనూ అంటున్నాను. పిల్లాడికి మనిషిని వెతుకు. చర్చిలో అడుగు.

అమ్మ


సన్నీవేల్
3 జూన్ 1984

అమ్మా,

బూట్లు కొనిచ్చి మరీ పంపించిందన్నమాట వదిన. అన్నయ్యకి ఫోన్ చేసి అడగాల్సినవన్నీ అడిగేశాను. "అమ్మ ఇష్టం, నేనేం చెయ్యను" అంటాడు. తల్లిని పనికి పంపించి ఇష్టం అనడం బావుంది.

రవి ఆఫీసులో "మీ అత్తగారు ఏం చేస్తుంటారు" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోవాలి? బోట్ మీద క్యారెట్లు తరుగుతారని చెప్పాలా?

టిక్కెట్ వెనక్కి పంపించు.

జ్యోతి


ట్రాయ్
1 జులై 1984

జ్యోతికి,

నాలుగు వారాలైంది నీ దగ్గర నుంచి ఉత్తరం ముక్క లేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. నా గొంతు వినడం ఇష్టం లేక ఎత్తడం లేదనుకుంటున్నాను. సరే, కాగితం నోరు ఎవరూ మూయలేరు కదా.

నువ్వు అన్నయ్యతో ఫోన్‌లో మాట్లాడుతుంటే నళిని వంటింట్లోని రెండో ఫోన్ ఎత్తింది. నీదని తెలియక ఎత్తింది, తెలిశాక పెట్టలేకపోయింది. "అత్తగారిని వంటమనిషిని చేసింది" అన్న మాట దాని చెవిన పడింది. ఆ పూట గరాజ్‌లో కారులో కూర్చుని ఏడ్చింది. మర్నాడు నేను పనికి వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే మార్గరెట్ కారు దాకా వచ్చి నా కోటు చేతికిచ్చింది. నాకు సిగ్గేసింది జ్యోతీ. నీ తరఫున సిగ్గేసింది.

ఇక అల్లుడుగారి సంగతి. నా వల్ల ఆయనకి తలవంపులైతే అది నాకు బాధే. కానీ ఆ బాధ పోగొట్టడానికి మానేస్తానని మాత్రం అనుకోవద్దు. మీ నాన్నగారు పోయినప్పుడు నీకు ఆరేళ్ళు, అన్నయ్యకి పన్నెండు. వారం తిరక్కుండా హాస్టల్ తాళాలు చేతికి తీసుకున్నాను. అప్పుడు కూడా మన బంధువులు "కూడు వండిపెట్టే కొలువు" అన్నారు. ఆ కూడే మిమ్మల్ని ఇంజినీర్లని చేసింది.

ఉద్యోగంలో చేరావా? పసివాడు ఎవరి దగ్గర ఉంటున్నాడు? కోపం ఎంతైనా ఉంచుకో, అది మాత్రం ఒక కార్డు మీద రాయి.

అమ్మ


సన్నీవేల్
8 జులై 1984

అమ్మా,

కోపం కాదమ్మా. ఉదయ్‌కి చెవిలో ఇన్‌ఫెక్షన్ వచ్చి నూట నాలుగు జ్వరం. మూడు రోజులు హాస్పిటల్లో ఉన్నాం. ఇప్పుడు బాగున్నాడు, నిలబడి టీవీ బటన్లు తిప్పుతున్నాడు. నువ్వు కంగారుపడతావని చెప్పలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు మేం హాస్పిటల్లోనే ఉండి ఉంటాం.

పదకొండున డ్యూటీలో జాయిన్ అయ్యాను. కింది అపార్ట్‌మెంట్‌లో జయంతి గారని ఉన్నారు, మధ్యాహ్నం మూడింటి దాకా ఆవిడ చూస్తారు. మూడు నుంచి ఆరు వరకు రోజుకొకరు. రోజూ ఆ టైమ్‌కి ఫోన్ చేసి ఎవరి దగ్గర ఉన్నాడో కనుక్కుంటున్నాను.

రవి సంగతి నేను అబద్ధం రాశాను. రవి ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆఫీసులో ఎవరో అడిగితే "మా అత్తగారు డెట్రాయిట్‌లో క్రూజ్ బోట్ మీద షెఫ్" అని గొప్పలు పోయి వచ్చాడు. సిగ్గుపడింది నేను. నా మాట రవి నోట్లో పెట్టాను. నీ ఉత్తరం రవి చదివి "ఇదేంటి జ్యోతీ, నేనెప్పుడన్నాను?" అని అడిగాడు.

ఆగస్టులో రవికి డెట్రాయిట్‌లో వారం రోజులు ట్రెయినింగ్ ఉంది. ముగ్గురం వస్తున్నాం. నన్నడక్కుండానే రవి నీ బోట్ ఆఫీసుకి ఫోన్ చేసి ఆగస్టు పదకొండు శనివారానికి టేబుల్ బుక్ చేసేశాడు. అన్నయ్య, వదిన కూడా. మర్నాడు పొద్దున్నే మా ఫ్లైట్. నేను ఇంతవరకు అలాంటి బోట్ ఎక్కలేదు. ఏం వేసుకోవాలి, ఉదయ్‌ని తేవచ్చా, అక్కడ ఏం జరుగుతుంది, అన్నీ రాయి. వదినతో ఏం మాట్లాడాలో కూడా.

జ్యోతి


ట్రాయ్
22 జులై 1984

చిన్నారి తల్లి జ్యోతికి అమ్మ దీవెనలు.

పసివాడి జ్వరం సంగతి చదివి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇంకెప్పుడూ నాకు అలాంటివి దాచకు. నేను పడవ మీద పని చేస్తున్నాను గానీ సముద్రం అవతల లేను.

అల్లుడుగారికి చెప్పు, షెఫ్ మార్గరెట్. నేను ఆమె కింద. కానీ ఆయన చెప్పుకున్నది చెప్పుకోనీ.

ఇక పడవ. ఏడింటికి తాడు విప్పుతారు. ఏడూ ఒకటికి వచ్చినవాళ్ళు ఒడ్డున నిలబడి చెయ్యి ఊపాల్సిందే, పడవ ఎవరికోసమూ ఆగదు. మీ అన్నయ్యకి ఇది రెండుసార్లు చెప్పు. ఆరున్నరకే రండి. ఎక్కేచోట ఒకతను ఫోటో తీసి దిగేటప్పుడు అమ్ముతాడు. అందులో అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు. నచ్చితేనే తీసుకోండి.

పట్టుచీర కట్టుకో, ఎత్తు చెప్పులు మాత్రం వద్దు, మెట్లు చెప్పాను కదా. ఎండ మండిపోతున్నా స్వెట్టరు తెచ్చుకో. నది మధ్యకి వెళ్ళేసరికి గాలి ఒంటిని కోస్తుంది. పసివాడికి టోపీ పెట్టు. పిల్లల కోసం ఎత్తు కుర్చీలు నాలుగే ఉన్నాయి, ఒకటి మీకు తీసి ఉంచుతాను.

మొదట బల్ల మీద రొట్టెలు, వెన్న పెడతారు. ఆకలి మీద వాటితో కడుపు నింపుకోకండి, అందరూ చేసే పొరపాటు అదే. తరువాత నా సలాడ్. ఆ తరువాత వేయించిన గొడ్డుమాంసం, చేప, బంగాళాదుంపలు. పొడుగు టోపీ ఆయన మీ ఎదురుగానే మాంసం కోస్తాడు, పల్చగా కోయమని అడగండి, లేకపోతే చెప్పు అట్టంత ముక్క వేస్తాడు. చేప చప్పగా ఉంటుంది. అల్లుడుగారికి చిన్న సీసాలో కారప్పొడి తెచ్చుకోమను. నేను చూడనట్టు ఊరుకుంటాను.

పడవ ముందు ఎగువకి, చెట్లున్న దీవి దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. తిరిగాక పెద్ద వంతెన వైపు వెళ్తుంది. ఎనిమిదిన్నరకి సూర్యుడు ఆ వంతెన కిందకి దిగుతాడు. అప్పటికి చీజ్‌కేకు వస్తుంది. తినకుండా వదిలేసి పైకి వెళ్ళండి, కేకు ఎక్కడికీ పోదు. ఒక్కోసారి ఇనుప రాయి మోసే ఓడ పక్క నుంచి వెళ్తుంది, మన పడవ ఊగి గ్లాసులు జరుగుతాయి. అది మామూలే, భయపడకు.

నేను మీ బల్ల దగ్గరకి రాను. వస్తే పని ఆగుతుంది. చూడాలనిపిస్తే నువ్వే మెట్లు దిగి రా.

వదినతో ఏం మాట్లాడాలని అడిగావు. అది నేను రాసిచ్చేది కాదమ్మా.

అమ్మ


సన్నీవేల్
19 ఆగస్టు 1984

అమ్మా,

ఎయిర్‌పోర్టులో మాట్లాడుకోవడానికి పది నిమిషాలు కూడా దొరకలేదు. అందుకే ఆ సాయంత్రం నువ్వు చూడనివి రాస్తున్నాను.

మొదట అన్నీ నువ్వు రాసినట్టే జరిగాయి. ఏడింటికి మూడు నిమిషాలుందనగా అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. రవి నువ్వు వద్దన్నా రొట్టెలు నాలుగు తిన్నాడు. వదినా నేనూ వారమంతా మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నాం. "ఉప్పు ఇస్తారా", "థాంక్స్", అంతే.

దీవి దాటి బోట్ వెనక్కి తిరుగుతుండగా ఫట్‌మని లైట్లు పోయాయి. బ్యాండ్ ఆగిపోయింది. ఇంజిన్ కూడా ఆపేశారు. బయట ఇంకా వెలుతురు ఉంది గానీ లోపల మసక. జనరేటర్ పాడైంది, కంగారు లేదు, ఇంకో బోట్ వచ్చి లాక్కెళ్తుంది, గంట పడుతుంది అని కెప్టెన్ అరిచి చెప్పాడు. సగం టేబుల్స్‌కి ఇంకా భోజనం రాలేదు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. వెనక టేబుల్ ఆయన పోట్లాటకి లేచాడు. నాకు మాత్రం ఒకటే ఆలోచన, అమ్మ కింద చీకట్లో ఉంది, ఈత రాదు.

ఆ మసకలోనే వదిన చెయ్యి పట్టుకుని "సారీ వదినా" అన్నాను. వెలుతురులో వారం రోజులు నోరు రాలేదు. వదిన "ముందు అత్తయ్య దగ్గరకి వెళ్ళు" అంది. ఉదయ్‌ని రవి ఒళ్ళో పడేసి పరుగెత్తాను.

మెట్ల మీదే నీ గొంతు వినిపించింది. మార్గరెట్ పైకి కెప్టెన్ దగ్గరకి వెళ్ళినట్టుంది. నువ్వు పాల డబ్బాల పెట్టె మీద నిలబడి ఉన్నావు, చేతిలో టార్చ్. అచ్చం నర్సాపురం ఇంగ్లీషులో ఒక్కొక్కళ్ళకి పని చెబుతున్నావు. "యూ, బ్రెడ్. యూ, మీట్, థిన్, థిన్. హాట్ ఫుడ్ ఫినిష్. కోల్డ్ ఫుడ్ గో." ఒక వెయిటర్ "వియ్ కాంట్ సర్వ్ ఇన్ ద డార్క్" అంటే నువ్వు ఏమన్నావో గుర్తుందా? "మై హాస్టల్, ఎవ్రీ డే పవర్ కట్. టూ హండ్రెడ్ గర్ల్స్ ఈట్. నోబడీ డైడ్." వాడు వెంటనే ట్రే ఎత్తాడు.

నన్ను చూసి నువ్వు ఆశ్చర్యపోలేదు. "పిల్లాడెక్కడ?" అన్నావు.

"రవి దగ్గర."

"అయితే చెయ్యి కడుక్కో. టమాటాలు."

అంతే. అరగంట టమాటాలు కోశాను అమ్మా, పట్టుచీర కొంగు నడుముకి దోపి. ముందు పిల్లలున్న టేబుల్స్, తరువాత ముసలివాళ్ళు, తరువాత మిగతావాళ్ళు అని నువ్వు చెబుతుంటే ప్లేట్లు వరసగా మెట్లెక్కాయి. పైకి వచ్చి చూస్తే జనం అందరూ పై అంతస్తులో, వెలుతురున్న చోట కూర్చుని తింటున్నారు. పోట్లాటకి లేచినాయన చీజ్‌కేకు రెండో ముక్క అడుగుతున్నాడు.

ఇంకో విషయం నీకు తెలియదు. ఇంకో బోట్ వచ్చి మనల్ని లాక్కెళ్ళేదాకా, ఆ గంటసేపూ, ఉదయ్‌ని రవి ఒక్కడే చూసుకున్నాడు. బంగాళాదుంప మెదిపి తినిపించాడు, డైపర్ మార్చాడు, భుజం మీద వేసుకుని నిద్రపుచ్చాడు. ఇన్నాళ్ళూ "నాకు చేతకాదు" అంటే నేనూ నమ్మాను. ఇక్కడికి వచ్చాక ఆఫీసులో టైమింగ్స్ మార్పించుకున్నాడు. ఆరింటికే వెళ్ళి రెండున్నరకి వచ్చేస్తాడు. మూడింటికి ఉదయ్‌ని తనే తెచ్చుకుంటాడు. మొదటి రోజు ఇల్లంతా అరటిపండు పూసి పెట్టాడు, అయినా ఇద్దరూ బాగానే ఉన్నారు.

కాబట్టి నిన్ను రమ్మనడం అవసరం కోసం కాదు. నీ బోట్ ఆగాక, చలికాలంలో, నీకు వీలైతే, నీకు ఇష్టమైతే, మా దగ్గరకి రాగలవా? రాలేనంటే రాలేనని రాయి. నేను ఏడవను. ఏడ్చినా వదినకి ఫోన్ చేసి ఏడుస్తాను.

నీ జ్యోతి


ట్రాయ్
7 అక్టోబర్ 1984

ప్రియమైన జ్యోతికి, అల్లుడుగారికి, ఉదయ్ బాబుకి అమ్మ దీవెనలు.

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేశానని నొచ్చుకోకు. మధ్యలో ఫోన్‌లో మాట్లాడుకున్నాం గానీ ఈ సంగతి నేను ఎత్తలేదు, నువ్వూ ఎత్తలేదు. ఎత్తనందుకు నిన్ను మెచ్చుకున్నాను.

ఇక్కడ ఆకులు రాలుతున్నాయి. పడవలో జనం పల్చబడ్డారు. గాలికి పై అంతస్తు మూసేశారు. ఇంకా మూడు వారాలుంది. నిన్న మార్గరెట్ నన్ను కూర్చోబెట్టి, వచ్చే ఏడాది తను పైన హాలు చూసుకుంటానని, వంటగది నన్ను చూసుకోమని అడిగింది. ఇంగ్లీషు సరిగా రాదు కదా అన్నాను. "ఆ సాయంత్రం నీ ఇంగ్లీషు అర్థంకానివాడు ఒక్కడు కూడా లేడు" అంది. సరేనన్నాను. ఒక షరతు పెట్టాను, ఆ చేప చప్పదనం నేను మారుస్తానని. ఒప్పుకుంది.

ఇప్పుడు నీ ప్రశ్న. మీ నాన్నగారు పోయాక నన్ను చాలామంది చాలా చోట్లకి రమ్మన్నారు. ఉండమన్నారు, వెళ్ళమన్నారు. హాస్టల్‌కి రమ్మన్నారు, రిటైరయ్యాక ఖాళీ చెయ్యమన్నారు. అన్నయ్య అమెరికా రమ్మని కాగితాలు పంపాడు. నువ్వు టిక్కెట్టు పంపావు. అందరూ ప్రేమతోనే, కాదనను. రాగలవా అని అడిగింది మాత్రం నువ్వొక్కదానివే. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నళిని వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. చాలా బాగుంది అన్నాను.

రాగలను. డిసెంబర్ మొదటి శనివారం వస్తాను. టిక్కెట్టు నేనే కొనుక్కున్నాను, టిక్కెట్లు అమ్మే దుకాణానికి నేనే వెళ్ళి, కిటికీ పక్క సీటు అడిగి మరీ. మార్చి ఆఖరికి తిరుగు ప్రయాణం. ఏప్రిల్‌లో పడవకి రంగు వేస్తారు, అప్పటికి వంటగది సర్దుకోవాలి.

నేను వచ్చేది పసివాణ్ణి చూడటానికి, చూసుకోవడానికి కాదు. ఆ పని అల్లుడుగారికి వచ్చేసింది కదా, ఆయన చేతిలోంచి లాక్కోను. ఎప్పుడైనా మీ ఇద్దరూ బయటికి వెళ్ళాలనుకుంటే నన్ను అడగండి. బహుశా సరేనంటాను. ఒక్కోసారి అననేమో. మీ కింది అపార్ట్‌మెంట్ జయంతి గారితో నాకూ ఎక్కడికైనా వెళ్ళే పని ఉండవచ్చు.

మీ అమ్మ,
దేవకుమారి